రాజు వద్దు, పాట కావాలి: ఇంగ్లండ్ మీద అమెరికన్ల మమకారం ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికాలో ఏ బేస్‌బాల్ ఆటకు వెళ్లినా మొదట అందరూ లేచి నిలబడతారు. టోపీలు తీసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని జాతీయగీతం పాడతారు. ఆ గీతంలోని మాటలు 1814లో ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసినవి. బాల్టిమోర్ రేవులోని ఫోర్ట్ మెక్‌హెన్రీ కోట మీద బ్రిటిష్ యుద్ధనౌకలు రాత్రంతా గుళ్లు కురిపించాయి. తెల్లవారాక కూడా అమెరికా జెండా ఎగురుతూనే కనిపించింది. ఆ పొంగులో పుట్టిన మాటలవి. బాణీ మాత్రం లండన్‌లో సంగీతప్రియులైన పెద్దమనుషుల క్లబ్బు ఒకటి పాడుకునే పాటది. దాన్ని కట్టింది జాన్ స్టాఫర్డ్ స్మిత్ అనే ఇంగ్లిష్ సంగీతకారుడు. బ్రిటిష్ నౌకలకు లొంగలేదన్న సంతోషాన్ని అమెరికన్లు ఇంగ్లిష్ బాణీలోనే పాడుతున్నారన్నమాట. 1931 నుంచి అదే అధికారిక జాతీయగీతం.

2026 జులై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. రాజమహేంద్రవరం నుంచి అమెరికాలోని మా ఇంటికి వచ్చిన మా మేనత్త కొడుకు, టీవీలో ఇంగ్లండ్ రాజకుటుంబం గురించి గంటసేపు వచ్చిన కార్యక్రమం చూసి, "బావా, వీళ్లు వాళ్లతో యుద్ధం చేసే కదా విడిపోయింది? మళ్లీ ఈ ముచ్చటేంటి?" అని అడిగాడు. ఆ పూటకి ఏదో చెప్పాను గానీ, ఆ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు లేదు. కాస్త నిదానంగా విప్పి చూడాల్సిన ముడి అది.

## ఇంగ్లండ్, బ్రిటన్, యూకే: ముందు పేర్లు తేల్చుకుందాం

ఇంగ్లండ్ ఒక దేశం. దానికి స్కాట్లండ్, వేల్స్ కలిపితే గ్రేట్ బ్రిటన్. ఉత్తర ఐర్లండ్ కూడా చేరితే యునైటెడ్ కింగ్‌డమ్, అంటే యూకే. మనం తెలుగులో "ఇంగ్లిష్ వాళ్లు" అని అందరినీ ఒక్క గాటన కట్టేసినట్టే సగటు అమెరికన్ కూడా కట్టేస్తాడు. స్కాట్లండ్ మనిషి దగ్గర ఆ మాటంటే వెంటనే సరిదిద్దుతాడు. ఈ వ్యాసంలో నేను మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లండ్ గురించే.

ఇంగ్లిష్ సంస్కృతిని ప్రేమించే పరాయి దేశస్థుణ్ని ఆంగ్లోఫైల్ అంటారు. ఈ ప్రేమకీ, రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న దోస్తీకీ సంబంధం తక్కువ. రాజకీయ నాయకులు తరచూ వాడే "ప్రత్యేక అనుబంధం" అనే మాటని 1946లో మిస్సోరీ రాష్ట్రంలోని ఫుల్టన్‌లో చర్చిల్ ప్రచారంలోకి తెచ్చాడు. అది సైన్యాల గురించి, ఒప్పందాల గురించి. ఆంగ్లోఫైల్‌కి కావలసింది వేరు. పాత పుస్తకాల షాపు, వానలో నడక, పాలు పోసిన వేడి టీ, ఒక పాట. విదేశాంగ మంత్రులు మారినా ఇవి మారవు.

## విడిపోయినవాళ్ల ప్రేమ, పాలింపబడినవాళ్ల ప్రేమ

మా బావ ప్రశ్న వెనుక మన అనుభవం ఉంది. మనకి ఇంగ్లండ్ అంటే పరాయి పాలన. పన్నులు కట్టించుకున్న కంపెనీ, ఆ తర్వాత రాణి. అమెరికన్లు కూడా వాళ్ల పాలన నుంచే బయటపడ్డారు కాబట్టి వాళ్లకీ మనలాంటి జ్ఞాపకమే ఉండాలని అనుకుంటాం. ఇక్కడే తేడా పట్టుకోవాలి. 1776లో తిరగబడ్డవాళ్లలో చాలామంది ఇంగ్లండ్ నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు, మనవలు. వాళ్లది అన్నదమ్ములు ఆస్తి దగ్గర తగువుపడి వేరు కాపురం పెట్టడంలాంటిది. తగువు ఎంత పెద్దదైనా వంటింట్లో అమ్మ నేర్పిన కూరే వండుకుంటారు. ఆ నేల మీద నిజంగా భూమి పోగొట్టుకున్నవాళ్లు అక్కడి ఆదివాసీలు. బలవంతంగా అక్కడికి తేబడ్డవాళ్లు ఆఫ్రికన్లు. వాళ్ల లెక్క వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తగువు చిన్నదేమీ కాదు. 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో 342 టీ పెట్టెల్ని సముద్రంలో పారేశారు. ఆ టీ ఈస్టిండియా కంపెనీది. మన మచిలీపట్నంలో 1611లోనే దుకాణం తెరిచిన కంపెనీ, 1760ల్లో ఉత్తర సర్కారుల్ని చేతిలోకి తీసుకున్న కంపెనీ, అదే. అప్పుల్లో కూరుకుపోయిన దాన్ని గట్టెక్కించడానికి లండన్ పార్లమెంటు చేసిన చట్టం మీదే బోస్టన్ మండిపడింది. 1814 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ వచ్చి అధ్యక్షుడి భవనాన్నే తగలబెట్టింది.

కోపం అంత తొందరగా చల్లారలేదు కూడా. ఆకలికి, పాలకుల నిర్లక్ష్యానికి తట్టుకోలేక ఐర్లండ్ వదిలి అమెరికా చేరిన లక్షల కుటుంబాలకు ఇంగ్లండ్ పేరే గిట్టేది కాదు. 1927లో విలియం హేల్ థాంప్సన్ అనే ఆయన చికాగో మేయర్ ఎన్నికల్లో, ఇంగ్లండ్ రాజు జార్జ్ ఇక్కడికొస్తే ముక్కు పగలగొడతానని ప్రచారం చేసి మరీ గెలిచాడు. "అమెరికన్లకి ఇంగ్లండ్ అంటే ఇష్టం" అనే ఒక్క వాక్యం ఎప్పుడూ పూర్తి నిజం కాదు. ఏ అమెరికన్‌కి, ఏ కాలంలో అని అడగాలి.

పాలనను ద్వేషిస్తూనే మనిషిని ప్రేమించడం మనకి తెలియనిదేం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కి గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి. మే 15న ఆయన పుట్టినరోజుకి రైతులు దండలు వేస్తారు. ఆ దండ వేసే చెయ్యి బ్రిటిష్ పాలన మళ్లీ రావాలని కోరుకోదు. అమెరికన్ ఆంగ్లోఫైల్ కూడా అంతే. అతను రాజరికాన్ని కోరుకోవడం లేదు. ఎవరూ అతని మీద రుద్దనందువల్లే తనకి నచ్చినవి ఏరుకోగలుగుతున్నాడు.

## టీ పెట్టెల మీద వాయించిన అమెరికా పాట

ఈ ప్రేమలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది సంగీతం. ఎందుకంటే అందులో ఏది ఎవరిదో విడదీయడం మొదలుపెడితే దారం తెగదు.

1916 నుంచి 1918 వరకు సెసిల్ షార్ప్ అనే ఇంగ్లిష్ పండితుడు అమెరికాలోని అపలాచియన్ కొండల్లో ఊరూరా తిరిగాడు. ఇంగ్లండ్‌లో కనుమరుగవుతున్న పాత జానపద గాథలు ఆ కొండల్లో పేద రైతుల నోళ్లలో బతికే ఉన్నాయి. వాటిని రాసుకోవడానికి ఒక ఇంగ్లిష్‌వాడు సముద్రం దాటాల్సి వచ్చింది.

1950ల్లో ప్రవాహం అటు తిరిగింది. లివర్‌పూల్ పెద్ద ఓడరేవు. అమెరికా నుంచి రికార్డులు అక్కడికి చేరేవి. అక్కడి కుర్రాళ్లకి స్కిఫిల్ అనే సంగీతం పిచ్చి పట్టింది. వాళ్లు పాడేవి ఎక్కువగా అమెరికా నల్లజాతివాళ్ల జానపదాలు, జైలు పాటలు, రైలు పాటలు. వాయిద్యాలు కొనే డబ్బులుండేవి కావు. బట్టలుతికే రేకు పలకని గీరుతూ తాళం వేసేవాళ్లు. ఖాళీ టీ పెట్టె బోర్లించి, దానికో కర్ర నిలబెట్టి, తాడు బిగించి లాగితే అదే బేస్ వాయిద్యం. టీ తోటల నుంచి ఆకు నింపుకొచ్చిన చెక్కపెట్టె మీద, మిసిసిపీ పత్తి చేల పాటని, లివర్‌పూల్ కుర్రాడు వాయిస్తున్నాడు! జాన్ లెనన్ మొదటి బృందం క్వారీమెన్‌లో అలాంటి టీ పెట్టె ఉండేది. 1957 జులై 6న వూల్టన్ అనే పేటలో చర్చి తిరునాళ్లకు వాళ్లు వాయించిన రోజే పాల్ మెకార్ట్నీ మొదటిసారి లెనన్‌ను కలిశాడు.

ఏడేళ్లు తిరక్కుండానే, 1964 ఫిబ్రవరి 9న, ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో వాళ్లిద్దరూ ఉన్న బీటిల్స్ బృందం పాడుతుంటే సుమారు 7.3 కోట్ల మంది అమెరికన్లు చూశారు. ఏప్రిల్ 4 నాటి బిల్‌బోర్డ్ పత్రిక పాటల పట్టికలో మొదటి 5 స్థానాలూ బీటిల్స్‌వే. ఆ వెంటే రోలింగ్ స్టోన్స్, కింక్స్, యానిమల్స్ వచ్చారు. పత్రికలు దానికి "బ్రిటిష్ దండయాత్ర" అని పేరు పెట్టాయి. అరవై దాటిన ఎంతోమంది అమెరికన్లకి ఇంగ్లండ్ మీద ఇష్టం ఆ రోజుల్లోనే మొదలైంది. పాట నచ్చింది, పాడేవాడి యాస నచ్చింది, వాడి ఊరు ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

వాళ్లు పాడింది మాత్రం అమెరికా సంగీతమే. రోలింగ్ స్టోన్స్ అన్న పేరు చికాగో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాట నుంచి తీసుకున్నది. 1964 జూన్‌లో వాళ్లు అమెరికా వచ్చినప్పుడు పనిగట్టుకుని చికాగోలోని చెస్ స్టూడియోకి వెళ్లి రికార్డు చేశారు. తమ గురువుల పాటలు పుట్టిన చోటు అది. 1965లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం పిలిస్తే, హౌలిన్ వుల్ఫ్‌ని కూడా పిలవాలని పట్టుబట్టారు. 54 ఏళ్ల ఆ నల్లజాతి గాయకుడు పాడుతుంటే వాళ్లు ఆయన పాదాల దగ్గర కూర్చున్నారు. తన దేశపు టీవీలో ఆయన్ని దేశమంతా చూడటానికి లండన్ కుర్రాళ్లు కావలసి వచ్చింది.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. ఒకటి: ఇది దోపిడీ. పాట పుట్టించినవాడు పేదవాడుగా మిగిలాడు, పాడుకున్నవాడు కోటీశ్వరుడయ్యాడు. దీనికి ఆధారం లేకపోలేదు. తన పాటలోని మాటలు వాడుకున్నారని చికాగో పాటల రచయిత విల్లీ డిక్సన్ 1985లో లెడ్ జెపెలిన్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం మీద కోర్టుకెక్కాడు. ఆ కేసు రాజీతో ముగిసింది. రెండోది: ఈ కుర్రాళ్లు లేకపోతే తెల్ల అమెరికాకి ఆ గాయకుల పేర్లు తెలియడానికి ఇంకెన్నాళ్లు పట్టేదో. 1964 సెప్టెంబర్‌లో జాక్సన్‌విల్ కచేరీకి ముందు బీటిల్స్, నల్లవాళ్లని వేరుగా కూర్చోబెడితే పాడమని తేల్చి చెప్పారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. డిక్సన్‌కి రావలసిన డబ్బూ నిజం, ఆ పాదాల దగ్గర కూర్చోవడమూ నిజం.

## కెటిల్ లెక్క, పింట్ లెక్క

పెద్ద విషయాలు పక్కన పెట్టి రోజువారీ సుఖాల్లోకి వద్దాం. ఆంగ్లోఫైల్‌ని అడిగితే మొదట చెప్పేవి ఇవే.

మా ఆఫీసులో ఒహాయోలో పుట్టిన ఒక పెద్దాయన ఉండేవారు. ఈమధ్యే రిటైరయ్యారు. అందరూ కాఫీ మెషీన్ చుట్టూ చేరితే ఆయన మాత్రం తన బల్ల మీద కెటిల్ పెట్టుకుని, ముందు వేడినీళ్లతో పింగాణీ కుండని కడిగి, ఆకు వేసి, మూత పెట్టి, చేతి గడియారం చూసుకుంటూ 4 నిమిషాలు ఆగేవారు. చదువుకునే రోజుల్లో ఒక ఏడాది ఇంగ్లండ్‌లోని యార్క్‌లో ఉన్నారట. పాలు కలుపుతూ ఒకసారి నాతో అన్నారు: ఇక్కడ నీళ్లు కాగడానికి చాలా సేపు పడుతుంది, అదొక్కటే బాధ అని. పెద్దాయన చాదస్తం అనుకున్నాను. లెక్కేసి చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం.

ఇంగ్లండ్‌లో కరెంటు 230 వోల్టులు. అక్కడ కెటిల్ మామూలుగా 3,000 వాట్లు లాగుతుంది. అమెరికాలో ఇళ్లలో ప్లగ్గుకి వచ్చేది 120 వోల్టులు. అక్కడి కెటిల్ 1,500 వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఒక లీటరు నీళ్లని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 3,35,000 జౌళ్ల శక్తి కావాలి. 3,000తో భాగిస్తే 112 సెకన్లు, అంటే రెండు నిమిషాల లోపే. 1,500తో భాగిస్తే 223 సెకన్లు, దాదాపు నాలుగు నిమిషాలు. వేడి కొంత బయటికి పోతుంది కాబట్టి నిజానికి రెండు చోట్లా ఇంకాస్త ఎక్కువే పడుతుంది. అమెరికన్ వంటింట్లో కెటిల్ అంతగా కుదురుకోకపోవడానికి ఇదొక కారణం. కాఫీ అలవాటు, ఐస్ వేసిన టీ అలవాటు మిగతా కారణాలు. అక్కడ "టీ" అని ఊరికే అడిగితే, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, చల్లటి గ్లాసే తెచ్చి పెడతారు.

పింట్ సంగతి ఇంకా బావుంటుంది. ఇంగ్లండ్ పబ్బులో ఒక పింట్ బీరు అంటే 568 మిల్లీలీటర్లు. అమెరికాలో పింట్ 473. ఇంగ్లండ్ వెళ్లిన అమెరికన్‌కి అదే పేరుతో 95 మిల్లీలీటర్లు, అంటే ఐదో వంతు, ఎక్కువ వస్తుంది. ఇంగ్లిష్‌వాళ్లది పాత కొలత, అమెరికన్లు దాన్ని మార్చేశారు అనుకుంటాం. జరిగింది తిరగబడి ఉంది. అమెరికన్లు వాడేది 18వ శతాబ్దం మొదట్లో ఆన్ రాణి కాలం నాటి ఇంగ్లిష్ గ్యాలన్ నుంచి వచ్చిన కొలత. ఇంగ్లండే 1824లో చట్టం చేసి కొత్త గ్యాలన్ తెచ్చుకుంది. పాత ఇంగ్లిష్ కొలత అమెరికాలో మిగిలిపోయింది.

మాటల్లోనూ ఇదే జరిగింది. ఆకురాలు కాలాన్ని అమెరికన్లు "ఫాల్" అంటారు. అది ఒకప్పుడు ఇంగ్లండ్‌లో వాడిన మాటే, వాళ్లు వదిలేశారు. "సాకర్" అంటే ఇంగ్లిష్ అభిమానులు చిరాకు పడతారు గానీ, ఆ మాట పుట్టింది 1880ల్లో ఇంగ్లండ్ కాలేజీ కుర్రాళ్ల నోట్లోనే. కొన్ని చోట్ల అమెరికన్ ఇంగ్లండ్‌ని ప్రేమించడమంటే తన పెట్టెలో అడుగున ఉన్న తాతల నాటి బట్టని పక్కింటి దండెం మీద వెతుక్కోవడమే.

నడక గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో కలిపి సుమారు 2,25,000 కిలోమీటర్ల కాలిబాటలు, గుర్రపు బాటలు జనం హక్కుగా ఉన్నాయి. పొలం ఎవరిదైనా సరే, ఆ బాట వెంట ఎవరైనా నడవొచ్చు. దడి దగ్గర చెక్క మెట్టు ఉంటుంది, గేటు దాటాక మళ్లీ మూసేయాలి, అంతే. అమెరికాలో బ్రహ్మాండమైన నేషనల్ పార్కులున్నాయి, కానీ వాటి దగ్గరికి చాలామంది కారేసుకుని వెళ్లాలి. ఊరి బయట రైతు పొలంలో కాలు పెడితే "లోపలికి రావద్దు" అన్న బోర్డు కనిపిస్తుంది. భోజనమయ్యాక ఇంట్లోంచి బయలుదేరి, మూడు పొలాలు దాటి, పక్క ఊరి పబ్బులో కూర్చుని తిరిగి రావడం అమెరికన్‌కి ఎంత ఇష్టంగా ఉంటుందో, పొలం గట్ల మీద నడిచి పెరిగిన మనకి ఇట్టే అర్థమవుతుంది. అయోవాలో పుట్టి 1970ల్లో ఇంగ్లండ్‌లో స్థిరపడిన రచయిత బిల్ బ్రైసన్, ఆ పల్లెల్ని కాపాడే సంస్థకు కొన్నేళ్లు అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు.

## పూల సోఫా: మచిలీపట్నం నుంచి వర్జీనియా దాకా

అమెరికన్ ఇంటి అలంకరణ పత్రికల్లో "ఇంగ్లిష్ పల్లె బంగళా" అని ఒక పద్ధతి కనిపిస్తుంది. కాస్త వెలిసిన పూల గుడ్డ తొడిగిన సోఫా, పాత తివాచీ, గోడ నిండా పుస్తకాలు, ఏదీ కొత్తగా మెరవదు. ఇంతకన్నా ఇంగ్లిష్ దృశ్యం ఉండదని వాళ్ల నమ్మకం.

ఆ పూల గుడ్డ పేరు చింట్జ్. మాట మన దేశానిదే, చుక్కలు, మచ్చలు అనే అర్థమున్న "ఛీంట్" నుంచి వచ్చింది. గుడ్డ కూడా మనదే. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం చుట్టుపక్కల పల్లెల నుంచి, కలంతో గీసి సహజ రంగులతో అద్దిన నూలు గుడ్డలు ఓడల్లో లండన్ చేరేవి. ఉతికినా రంగు పోని ఆ పూలు చూసి అక్కడివాళ్లకి మతిపోయింది. అవి కట్టుకోని ఇల్లాలు, పరచుకోని మంచం లేనంతగా పాకింది. తమ నేతగాళ్ల పొట్ట కొడుతోందని గగ్గోలు పుట్టి, 1700లో దిగుమతిని కట్టడి చేస్తూ, 1721లో వాడకాన్నే నిషేధిస్తూ పార్లమెంటు చట్టాలు చేసింది. తర్వాత వాళ్లే మిల్లుల్లో అచ్చువేయడం నేర్చుకున్నారు. వందేళ్లు తిరిగేసరికి ఆ పూలు ఇంగ్లిష్ తోట పూలైపోయాయి.

ఇక ఆ పల్లె బంగళా అందాన్ని ఒక పద్ధతిగా తీర్చిన పేరు ఎవరికి దక్కిందనుకున్నారు? నాన్సీ లాంకాస్టర్ అనే ఆమెకు. ఆమె అమెరికన్, వర్జీనియా కుటుంబం. 1940ల్లో లండన్‌లో ఒక అలంకరణ కంపెనీని కొని, జాన్ ఫౌలర్ అనే ఇంగ్లిష్ డిజైనర్‌తో కలిసి పనిచేసింది. బిగుసుకుపోయిన పెద్ద ఇళ్లలోకి సుఖాన్ని, వెచ్చదనాన్ని, స్నానాల గదుల్లోకి కూడా పూల గుడ్డల్ని ఆమే తెచ్చిందని చెబుతారు. మన తీరపు అద్దకం, ఇంగ్లిష్ మిల్లు, అమెరికన్ ఇల్లాలి కన్ను. ఈ మూడూ కలిస్తేగానీ ఆ "అచ్చమైన ఇంగ్లిష్" సోఫా తయారుకాలేదు. మచిలీపట్నం పక్కన పెడనలో ఈ రోజుకీ బ్లాకులతో అద్దకం వేసే చేతుల్ని చూసినప్పుడల్లా నాకు ఆ సోఫా గుర్తొస్తుంది.

## చూడకుండానే ప్రేమించినవాళ్లు

1949 అక్టోబర్‌లో హెలీన్ హాన్ఫ్ అనే న్యూయార్క్ రచయిత్రి లండన్‌లో 84 చేరింగ్ క్రాస్ రోడ్డులో ఉన్న మార్క్స్ అండ్ కో అనే పాత పుస్తకాల షాపుకి ఉత్తరం రాసింది. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేదు, పాతవి ఉంటే పంపమని జాబితా పెట్టింది. షాపులో ఫ్రాంక్ డోయల్ జవాబిచ్చాడు. అలా మొదలైన ఉత్తరాలు దాదాపు 20 ఏళ్లు నడిచాయి. యుద్ధం అయిపోయినా ఇంగ్లండ్‌లో 1954 దాకా రేషన్ ఉంది. గుడ్లు, మాంసం దొరకడం గగనం. అది తెలిసి ఆమె తన చిన్న సంపాదనలోంచే షాపు మొత్తానికి మాంసం, గుడ్ల పార్సిళ్లు పంపించింది. ఇంగ్లండ్ వెళ్లాలని ఎన్నిసార్లు అనుకున్నా, ప్రతిసారీ ఏదో ఒక ఖర్చు అడ్డొచ్చేది. 1968 డిసెంబర్‌లో డోయల్ చనిపోయాడు. ఆ ఉత్తరాలే పుస్తకమై పేరు తెచ్చాక, 1971లో ఆమె లండన్ చేరింది. అప్పటికి షాపు మూతపడింది. ఖాళీ గదుల్లో తిరిగి చూసింది. ఇప్పుడా గోడ మీద ఒక ఫలకం ఉంది.

ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా, "ఇంగ్లండ్ అంటే ఇష్టం" అనే మాటని తేలిగ్గా తీసుకోకూడదనిపిస్తుంది నాకు. ఆమెది కోటల మీద ప్రేమ కాదు. ఒక షాపు, అందులో పనిచేసే ఆరుగురు మనుషులు, వాళ్లు తినే తిండి.

అదే 1949లో చికాగో నటుడు శామ్ వనమేకర్ లండన్ వచ్చాడు. షేక్‌స్పియర్ నాటకాలాడిన గ్లోబ్ థియేటర్ ఉన్న చోటు వెతుక్కుంటూ వెళితే, గోడకి కొట్టిన ఒక మసిబారిన ఫలకం తప్ప ఏమీ కనిపించలేదు. స్వదేశంలో కమ్యూనిస్టుల వేట సాగుతున్న రోజులవి. తర్వాత ఇంగ్లండ్‌లోనే స్థిరపడ్డాడు. 1970లో ట్రస్టు పెట్టి, ఆ థియేటర్‌ని మళ్లీ కట్టాలని జీవితమంతా చందాలు పోగుచేశాడు. 1993లో ఆయన చనిపోయాడు. గ్లోబ్ 1997లో తెరుచుకుంది. ఈ రోజు థేమ్స్ ఒడ్డున ఇంగ్లిష్‌వాళ్లు గర్వంగా చూపించే ఆ గడ్డికప్పు థియేటర్ వెనుక ఒక అమెరికన్ పట్టుదల ఉంది.

## ఈ ప్రేమను అనుమానించేవాళ్లు చెప్పేది

విమర్శకుల వాదనల్లో ఒకటి వర్గం గురించి. అమెరికాలో లాభాపేక్ష లేకుండా నడిచే టీవీ సంస్థ పీబీఎస్ 1971 నుంచి ఆదివారం రాత్రుళ్లు బ్రిటిష్ సీరియళ్లు వేస్తోంది. వాటిలో పెద్ద బంగళాలు, వెండి పళ్లేలు, చేతులు కట్టుకున్న నౌకర్లు. ఆ వెండి ఎక్కడిదో తెర మీద కనిపించదు. 2020లో, పాత బంగళాల్ని, కోటల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ తన అధీనంలోని 93 చోట్లకు వలస పాలనతోనో, బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని నివేదిక ఇచ్చింది. ఆ ట్రస్టు చేతిలో ఉన్న పావిస్ కోటలో క్లైవ్ కుటుంబం తెచ్చుకున్న టిప్పు సుల్తాన్ గుడారం ఉంది. అది వేల్స్‌లో ఉంది, ఇంగ్లండ్ కాదు, కానీ పర్యాటకుడికి తేడా తెలియదు. టిక్కెట్టు కొని లోపలికెళ్లే అమెరికన్‌కి అది "ఇంగ్లిష్ వైభవం". మనకది వేరేగా కనిపిస్తుంది.

రెండోది ఇంకా పదునైనది. 19వ శతాబ్దం చివర్లో ఇటలీ, పోలండ్, రష్యాల నుంచి పేద వలసదారులు పోటెత్తినప్పుడు, పాత ధనిక కుటుంబాలకు తమ ఇంగ్లిష్ మూలాలు ఒక్కసారిగా ముద్దొచ్చాయి. మేం వేరు అని చెప్పుకోవడానికి అదొక గీత. ఆ గీత చట్టమైంది కూడా. 1924 వలస చట్టం కింద ఏ దేశానికి ఎంత వాటా అన్న లెక్క చివరికి తేలేసరికి అన్నిటికన్నా పెద్ద వాటా బ్రిటన్‌కి దక్కింది. మనవాళ్లకు 1917 నుంచే తలుపు మూసి ఉంది. 1965లో చట్టం మారాకే తెలుగువాళ్లు ఈ దేశానికి పెద్ద సంఖ్యలో రాగలిగారు.

ఈ రెండు వాదనలూ బలమైనవే. కానీ నాకొక ఇబ్బంది ఉంది. ఫ్రెడరిక్ డగ్లస్‌ని ఇందులో ఎక్కడ పెట్టాలి? బానిసత్వం నుంచి పారిపోయిన ఆ మహావక్త, పట్టుబడతానన్న భయంతో 1845లో అమెరికా వదిలి ఐర్లండ్, స్కాట్లండ్, ఇంగ్లండ్‌లు తిరిగాడు. రైల్లో, హోటల్లో, ఇళ్లలో తనని మనిషిగా కూర్చోబెట్టిన తీరు చూసి కదిలిపోయాడు. న్యూకాసిల్‌లోని స్నేహితులు చందాలు పోగుచేసి 1846లో అతని యజమానికి డబ్బు కట్టి అతన్ని స్వతంత్రుణ్ని చేశారు. ఆ ఇంగ్లండే ఆ కాలంలో మన నేలని ఏలుతోంది, అమెరికా బానిసలు తీసిన పత్తితోనే లాంకషైర్ మిల్లులు నడుపుతోంది. డగ్లస్ కృతజ్ఞత అబద్ధం కాదు, ఆ పత్తి కూడా అబద్ధం కాదు. పెద్ద బంగళా విషయంలో విమర్శకులతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కెటిల్ దగ్గరికి, కాలిబాట దగ్గరికి, పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్ల లెక్క సరిపోదనిపిస్తుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. ప్రేమ వ్యాపారమైన చోట్లూ ఉన్నాయి. 1968లో ఒక అమెరికన్ వ్యాపారి పాత లండన్ బ్రిడ్జిని 24.6 లక్షల డాలర్లకు కొని, రాళ్లకి నంబర్లు వేయించి, అరిజోనా ఎడారిలోని లేక్ హావసు సిటీలో నిలబెట్టాడు. అది ఇప్పటికీ ఉంది. లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బుల్లో అమెరికన్ యజమానులున్నారు.

## బ్రూక్ స్ట్రీట్‌లో పక్కపక్క ఇళ్లు

లండన్‌లో బ్రూక్ స్ట్రీట్ 25వ నంబరు ఇంట్లో 18వ శతాబ్దంలో హాండెల్ ఉండేవాడు. జర్మనీలో పుట్టి, లండన్‌లో స్థిరపడి, ఇంగ్లిష్ సంగీతానికి పెద్ద దిక్కైనవాడు. పక్కనే 23వ నంబరు. 1968లో ఆ ఇంటి పై అంతస్తులోకి జిమీ హెండ్రిక్స్ అద్దెకు దిగాడు. సియాటిల్‌లో పుట్టిన నల్లజాతి కుర్రాడు. అమెరికాలో ఇతరుల వెనుక గిటార్ వాయిస్తూ గుర్తింపు లేక తిరిగినవాడు. 1966 సెప్టెంబర్‌లో లండన్ వచ్చిన కొన్ని నెలలకే ఊరంతా అతని గురించే మాట్లాడుకుంది.

ఆ ఫ్లాట్ తనకి దొరికిన మొదటి సొంత ఇల్లని హెండ్రిక్స్ చెప్పేవాడు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని జాన్ లూయిస్ షాపుకి స్వయంగా వెళ్లి కర్టెన్లు, దిండ్లు కొనుక్కొచ్చాడు. టీ అలవాటైంది. సాయంత్రాలు స్నేహితురాలితో కూర్చుని టీవీలో "కొరొనేషన్ స్ట్రీట్" సీరియల్ చూసేవాడు. మాంచెస్టర్ ప్రాంతపు మామూలు మనుషుల ఇరుగుపొరుగు కథలవి. పక్కింట్లో హాండెల్ ఉండేవాడని తెలిసి, షాపుకెళ్లి హాండెల్ రికార్డులు తెచ్చుకుని వినేవాడు.

2016 నుంచి ఆ గదిని అప్పట్లో ఉన్నట్టే సర్ది జనానికి చూపిస్తున్నారు. నేల మీద తివాచీలు, మంచం పైన వేలాడే షాల్, నీలాకుపచ్చ కర్టెన్లు, చేతికందేంత దూరంలో రికార్డుల వరస. గోడకి అటువైపు హాండెల్ ఇల్లు.